పెళ్లి ఫొటోల పనికీ, రాత్రిపూట గేమ్స్‌కీ ఒకే సిస్టమ్: ఆ కొటేషన్‌లో ఏం మార్చాలి

తమ్ముడూ, నువ్వు పెట్టిన కొటేషన్ రెండుసార్లు చదివాను. మిగతావాళ్లకి కూడా అర్థం కావాలి కాబట్టి సంగతి ముందు క్లుప్తంగా చెబుతాను. నువ్వు ఖమ్మంలో పెళ్లిళ్లు తీస్తావు. లైట్‌రూమ్‌లో కలర్ కరెక్షన్, ఫొటోషాప్‌లో ఆల్బమ్ డిజైనింగ్, అప్పుడప్పుడు టీజర్ వీడియో. పనయ్యాక రాత్రి రెండు గంటలు గేమ్స్. మానిటర్‌తో కలిపి లక్షన్నర పెట్టగలవు. షాపువాళ్లు రాసిచ్చింది ఇదీ: ఐ7 14700ఎఫ్ ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 5070 గ్రాఫిక్స్ కార్డు, 16 జీబీ ర్యామ్ ఒకే స్టిక్, 500 జీబీ ఎస్‌ఎస్‌డీ, రంగురంగుల లైట్ల లిక్విడ్ కూలర్, ముందువైపు అద్దమున్న క్యాబినెట్, కంపెనీ పేరు లేకుండా "650 వాట్స్ ఎస్‌ఎంపీఎస్" అని (అంటే సిస్టమ్‌కి కరెంటు అందించే డబ్బా) ఒక వరుస, అన్నిటికన్నా కింద 24 అంగుళాల కర్వ్‌డ్ మానిటర్. "అన్నా, తీసేసుకోనా?" అన్నావు.

వద్దు. ఆ లిస్టు గేమ్స్ ఆడే కుర్రాడి కోసం రాసింది, ఫొటోగ్రాఫర్ కోసం కాదు. షాపతన్ని తప్పుపట్టను. రోజుకి పదిమంది వచ్చి "గ్రాఫిక్స్ కార్డు ఏది వేస్తారు?" అని అడిగితే ఎవరైనా అలాగే రాస్తారు. కానీ నీ లెక్క వేరు. గేమ్ బరువెక్కితే షాడోస్ ఒక మెట్టు తగ్గిస్తావు, ఎవరికీ నష్టం లేదు. పెళ్లికూతురి పట్టుచీర రంగు ఆల్బమ్‌లో మారిపోతే మాత్రం రావలసిన బాకీ ఆగిపోతుంది. అందుకే నేను ఫొటోగ్రాఫర్లకి సిస్టమ్ కట్టేటప్పుడు లిస్టు కిందనుంచి మొదలుపెడతాను. ముందు మానిటర్, తర్వాత కరెంటు సంగతి, తర్వాత ర్యామ్, డిస్కులు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు మిగిలిన డబ్బులో.

మానిటర్ విషయంలో ఒకసారి నేనే పప్పులో కాలేశాను, అది చెబుతాను. చాలా ఏళ్ల కిందట విజయవాడలో ఒక స్టూడియోకి సిస్టమ్ ఇచ్చాను. అందరూ మెచ్చుకునే గేమింగ్ మానిటర్ పెట్టాను. తెర మీద ఎరుపులు మండిపోతున్నాయి, చూసినవాళ్లంతా ఆహా అన్నారు. మొదటి ఆల్బమ్ ప్రింటింగ్ ల్యాబ్ నుంచి వచ్చింది. చీర ఎరుపు ఇటుకరంగులోకి దిగింది, మొహాలు నల్లబడ్డాయి. నలభై షీట్లు మళ్లీ వేయించాం, ఆ ఖర్చులో సగం నేనే పెట్టుకున్నాను. ల్యాబ్ తప్పు కాదు. తెర ఉన్నదానికంటే ఎక్కువ రంగు చూపిస్తోంది, ఎడిటర్ దాన్ని చూసి తగ్గించుకుంటూ పోయాడు. పైగా వెలుతురు ఫుల్లు. కొత్త మానిటర్లు 250, 300 నిట్స్ (తెర వెలుతురుకి కొలత) దాకా వెలుగుతూ వస్తాయి. అంత వెలుతురులో చూస్తే ఫొటో తెల్లగా కనిపిస్తుంది, నువ్వు ఎక్స్‌పోజర్ దించుతావు, కాగితం మీద చీకటి మిగులుతుంది. "ఆల్బమ్ నల్లగా వచ్చిందన్నా" అని నా దగ్గరికి వచ్చినవాళ్లలో సగంపైన జబ్బు ఇదే. ప్రింటుకి వెళ్లే పనికి తెర వెలుతురు 100 నుంచి 120 నిట్స్ మధ్య ఉంటే చాలు. మొదటి రెండు రోజులు డల్‌గా అనిపిస్తుంది, మూడో రోజుకి కన్ను అలవాటుపడుతుంది.

నీ కొటేషన్‌లో ఉన్న కర్వ్‌డ్ మానిటర్ దాదాపు ఖాయంగా వీఏ అనే రకం ప్యానెల్. సినిమాలకి, చీకటి గేమ్స్‌కి అది బాగానే ఉంటుంది. కానీ తల కాస్త పక్కకి జరిపితే నీడల్లో టోన్ మారిపోతుంది. పెళ్లికొడుకు నల్లసూటు మడతలు, అమ్మాయి జడలో వెంట్రుకల వివరాలు ఒకచోట నుంచి కనిపిస్తాయి, ఇంకోచోట నుంచి ముద్దగా అవుతాయి. ఇక వంపు తెర మీద షీటు అంచులు, మండపం స్తంభాలు నిటారుగా ఉన్నాయో లేదో తేల్చుకోవడం అదో తలనొప్పి. నీకు కావలసింది 27 అంగుళాల ఐపీఎస్ (పక్కనుంచి చూసినా రంగు పెద్దగా మారని ప్యానెల్), 2560 బై 1440 రిజల్యూషన్, ఎస్‌ఆర్‌జీబీ (మామూలు తెరలకీ, ఫొటోలకీ వాడే ప్రామాణిక రంగుల పరిధి) నూటికి నూరు శాతం చూపించేది, 120 హెర్ట్జ్ (తెర సెకనుకి 120 సార్లు మారేది) గానీ పైన గానీ. అచ్చంగా ఫొటోల కోసమే చేసే వాటిలో ఆసుస్ ప్రోఆర్ట్ పీఏ278క్యూవీ లాంటివి 75 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతాయి. రాత్రి షూటింగ్ గేమ్స్ ఆడేవాడివి కాబట్టి అవి నీకు చప్పగా ఉంటాయి. ఇప్పుడు గేమింగ్ ఐపీఎస్ మానిటర్లలోనే రంగులు సరిగ్గా చూపించేవి వచ్చాయి, వాటిలో వెతుకు.

వెతికేటప్పుడు ఒక జాగ్రత్త. "95 శాతం డీసీఐ పీ3" అని డబ్బా మీద రాసి ఉంటే సంబరపడకు. అంటే ఎస్‌ఆర్‌జీబీ కంటే విశాలమైన రంగు చూపిస్తుందన్న మాట. సెట్టింగ్ చేయకుండా వాడితే నేను చెప్పిన ఇటుకరంగు కథ నీకూ జరుగుతుంది. అలాంటిది కొంటే మెనూలో ఎస్‌ఆర్‌జీబీ మోడ్ ఉందో లేదో చూడు. ఉన్నా, కొన్నింట్లో ఆ మోడ్‌లోకి వెళ్లగానే వెలుతురు తగ్గించే మీట పనిచేయదు. షాపులో ఆన్ చేయించి నీ చేత్తో నొక్కి చూడు. అడోబ్ ఆర్‌జీబీ మానిటర్ గురించి కూడా అడిగావు, అదీ ఎస్‌ఆర్‌జీబీ కంటే విశాలమైన రంగుల పరిధే. మన దగ్గర ల్యాబులు ఎక్కువగా ఎస్‌ఆర్‌జీబీ జేపెగ్‌లే అడుగుతాయి. మీ ల్యాబ్ కూడా అంతేనైతే అడోబ్ ఆర్‌జీబీకి పెట్టే అదనపు డబ్బు ఆ ల్యాబ్ గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

క్యాలిబ్రేటర్ కొనడానికి ఇప్పుడు డబ్బు లేకపోతే మీ ఊళ్లో నలుగురు ఫొటోగ్రాఫర్లు కలిసి ఒకటి కొనండి. తెరకి ఆనించి పెడితే అదే కొలిచి ప్రొఫైల్ తయారుచేస్తుంది. నెలకోసారి చాలు కాబట్టి నలుగురికి ఒకటి తిరుగుతుంది. 6500 కెల్విన్, గామా 2.2, 120 నిట్స్ అని పెట్టు. ఇంకో మాట, నవ్వుకోకు: గదికి ఆకుపచ్చ డిస్టెంపర్ ఉంటే ఎడిటింగ్ టేబుల్ వెనక గోడకైనా బూడిదరంగు వేయించు. పచ్చగోడ ముందు కూర్చుని స్కిన్‌టోన్ సరిచేస్తే కన్ను మోసపోయి మొహాల రంగు పక్కదారి పడుతుంది. విండోస్‌లో నైట్ లైట్ ఆపెయ్. ఇది చెప్పాల్సిన విషయమా అనుకుంటావు గానీ, నైట్ లైట్ ఆన్‌లో ఉంచి మూడు వేల ఫొటోలు కరెక్షన్ చేసినవాణ్ని చూశాను.

ఇప్పుడు ర్యామ్. నీ 12 బై 36 షీటు లెక్క వేద్దాం. 300 డీపీఐ దగ్గర అది 3600 బై 10800 పిక్సెళ్లు. అంటే దాదాపు 3 కోట్ల 89 లక్షల పిక్సెళ్లు, పిక్సెల్‌కి మూడు బైట్ల చొప్పున షీటంతా పరుచుకున్న ఒక్కో లేయర్‌కి 117 ఎంబీ. 16 బిట్‌లో చేస్తే దానికి రెట్టింపు. నువ్వు వాడే పీఎస్‌డీ టెంప్లేట్లలో బ్యాక్‌గ్రౌండు, పూలు, మెరుపులు, నీడలు కలిపి పాతిక లేయర్లు ఉంటాయి. దానికి హిస్టరీ (వెనక్కి వెళ్లడానికి దాచుకునే పాత అడుగులు) తోడు. పక్కన లైట్‌రూమ్ తెరిచి ఉంటుంది, క్రోమ్‌లో పాటలు మోగుతుంటాయి. 16 జీబీ ఎప్పుడో నిండిపోతుంది. నిండాక ఫొటోషాప్ డిస్కు మీద రాసుకోవడం మొదలుపెడుతుంది, అప్పుడు నువ్వు మౌసుని తిడతావు. 32 జీబీ తప్పనిసరి, అదీ 16 చొప్పున రెండు స్టిక్‌లు. ఒకే స్టిక్ వేస్తే మెమరీ దారి సగానికి సగం సన్నబడుతుంది, గేమ్స్‌లోనూ తెలుస్తుంది. నాలుగు స్టిక్‌లూ వేయకు. డీడీఆర్5 (ఇప్పటి తరం ర్యామ్) బోర్డుల్లో నాలుగు గుచ్చితే స్పీడు బాగా దిగజారుతుంది, కొన్నిసార్లు సిస్టమ్ లేవనే లేవదు. నేను కింద చెప్పబోయే ఏఎండీ రైజెన్ ప్రాసెసర్‌కి 6000 స్పీడు, సీఎల్ 30 (ర్యామ్ జవాబిచ్చే ఆలస్యానికి కొలత) రకం సరిజోడు.

బాధేమిటంటే 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి. చిప్పులన్నీ ఏఐ డేటాసెంటర్లకే తరలిపోతున్నాయి, మనకి మిగిలేది తక్కువ. అందుకే ఈ జవాబులో నేను ఎక్కడా ధరలు వేయడం లేదు. ఇవాళ రాసిన అంకె వచ్చే వారం చెల్లదు. ర్యామ్ దగ్గర డబ్బు చాలకపోతే గ్రాఫిక్స్ కార్డు ఒక మెట్టు దించు గానీ ర్యామ్ 16కి దించకు.

ప్రాసెసర్‌కి వద్దాం. 14700ఎఫ్ వేగమైనదే, కాదనను. నాకున్న అభ్యంతరాలు మూడు. ఒకటి, ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్పులకి వోల్టేజి ఎక్కువై నెమ్మదిగా పాడయ్యే సమస్య వచ్చింది. 2024లో ఇంటెలే ఒప్పుకుని మైక్రోకోడ్ (చిప్పు లోపలి ప్రోగ్రామ్) సవరణలు ఇచ్చింది, బాక్సులో అమ్మిన చిప్పులకి వారంటీ మరో రెండేళ్లు పొడిగించింది. బయాస్ (బోర్డులో ఉండే మొదటి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసిన బోర్డు మీద కొత్త చిప్పు వాడితే భయపడాల్సిన పని లేదు. కానీ అప్‌డేట్ చేసిస్తారా అని నీ షాపులో అడిగి చూడు, ఏమంటారో. రెండు, ఆ బోర్డు సాకెట్‌కి (ప్రాసెసర్ కూర్చునే చోటు) అదే ఆఖరి తరం. నాలుగేళ్ల తర్వాత ప్రాసెసర్ మార్చాలంటే బోర్డు కూడా తీసేయాలి. మూడు, పేరు చివర ఉన్న ఆ "ఎఫ్". ఎఫ్ అంటే లోపల గ్రాఫిక్స్ ఉండవు. ఇంటెల్ లోపలి గ్రాఫిక్స్ వీడియో డీకోడింగ్‌లో (కుదించిన వీడియోని విప్పి చూపించడంలో) గట్టిది, టీజర్లు కట్ చేసేవాళ్లు ఇంటెల్ కొనేదే సగం దానికోసం. అది తీసేసిన ఇంటెల్ నీకెందుకు?

నా మాట రైజెన్ 7 7700. ఎనిమిది కోర్లు, 65 వాట్ల చిప్పు. డబ్బాలోనే కూలర్ వస్తుంది, అది దానికి సరిపోతుంది. లిక్విడ్ కూలర్ డబ్బు పూర్తిగా మిగిలినట్టే. 14700ఎఫ్ బలమంతా వాడితే 219 వాట్ల దాకా లాగుతుంది, అందుకే షాపతను లిక్విడ్ కూలర్ రాశాడు. 7700లో చిన్న గ్రాఫిక్స్ కూడా ఉన్నాయి. ఆటకి పనికిరావు గానీ, గ్రాఫిక్స్ కార్డు సర్వీసుకి పోయిన నెలలో ఆల్బమ్ పని ఆగదు. 9700ఎక్స్ దొరికి ధర దగ్గరగా ఉంటే అదే తీసుకో, కాకపోతే దానికి కూలర్ వేరే కొనాలి. ఈ చిప్పులు కూర్చునే ఏఎం5 సాకెట్‌ని 2027 దాకా, ఆ పైన కూడా కొనసాగిస్తామని ఏఎండీ చెప్పింది కాబట్టి రేపు చిప్పు ఒక్కటే మార్చుకునే వీలుంది. గేమర్లందరూ పొగిడే 7800ఎక్స్3డీ, 9800ఎక్స్3డీ గురించి అడిగావు. వాటిలో అదనపు క్యాష్ (చిప్పు లోపలి వేగమైన చిన్న మెమరీ) గేమ్స్‌కి బ్రహ్మాండం. కానీ నీ తరహా కార్డుతో 1440పీలో ఆడితే ఎక్కువ గేమ్స్‌లో ముందు అలిసిపోయేది కార్డే, ప్రాసెసర్ కాదు. లైట్‌రూమ్‌కి ఆ క్యాష్‌తో ఒరిగేది స్వల్పం.

మదర్‌బోర్డు బి650 గానీ బి850 గానీ చాలు. ఎస్‌ఎస్‌డీలకి రెండు ఎం.2 స్లాట్లు, ముందువైపు టైప్ సి పోర్టుకి కనెక్టర్, సీపీయూ లేకుండానే బయాస్ ఎక్కించే ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటే ఇక ఆలోచించకు.

గ్రాఫిక్స్ కార్డు దగ్గర నువ్వు నాతో గొడవపడతావని తెలుసు. 5070 బదులు ఆర్‌టీఎక్స్ 5060 టీఐ, 16 జీబీది తీసుకో. గేమ్స్‌లో 5070 స్పష్టంగా వేగమైనది, దాచను. కానీ దానిలో మెమరీ 12 జీబీ, ఇందులో 16. లైట్‌రూమ్‌లో 2023 ఏప్రిల్‌లో డీనాయిస్ (మసక వెలుతురు ఫొటోల్లో గరుకు తీసే ఏఐ పనిముట్టు) వచ్చినప్పటినుంచి ఫొటో ఎడిటింగ్‌లో గ్రాఫిక్స్ కార్డు పాత్రే మారిపోయింది. అంతకుముందు నేను ఫొటోగ్రాఫర్లకి "కార్డు మీద పైసా పెట్టకండి" అనేవాణ్ని. ఇప్పుడు అర్ధరాత్రి ముహూర్తం, మసక మండపం, 6400 ఐఎస్ఓలో తీసిన తలంబ్రాల ఫొటోలు రెండొందలు డీనాయిస్‌కి పెడితే, టెన్సర్ కోర్లు (ఏఐ లెక్కల కోసం పెట్టే భాగాలు) లేని పాత జీటీఎక్స్ 1650 లాంటి కార్డు ఒక్కో ఫొటోకి నిమిషాలు తీసుకుంటుంది. ఇప్పటి ఆర్‌టీఎక్స్ కార్డుకి సెకన్లు చాలు. 5060 టీఐ నుంచి 5070కి వెళితే ఆ సెకన్లలో కొన్ని తగ్గుతాయి, అంతే. భోజనం చేసి వచ్చేలోపు రెండూ ముగించేస్తాయి. ఆ తేడా డబ్బు మానిటర్‌లో పెడితే రోజంతా కళ్లకి తెలుస్తుంది.

నీకు ప్రత్యేకంగా ఎన్విడియా 50 సిరీసే (5060, 5070 లాంటివి) చెప్పడానికి ఇంకో కారణం వీడియో. కొత్త మిర్రర్‌లెస్ కెమెరాల్లో 10 బిట్ 4:2:2 హెచ్.265 అని ఒక రికార్డింగ్ ఉంటుంది. సోనీ ఏ7 4, క్యానన్ ఆర్6 వాడేవాళ్లు ఎక్కువగా అదే పెట్టుకుంటారు. ఎన్విడియా 40 సిరీస్ దాకా కార్డులు దాన్ని హార్డ్‌వేర్‌లో డీకోడ్ చేయలేవు. అందుకే ఖరీదైన సిస్టమ్‌లో కూడా టైమ్‌లైన్ నత్తనడక నడుస్తుంది, పాపం ఫొటోగ్రాఫర్ సాఫ్ట్‌వేర్‌ని తిట్టుకుంటాడు. 50 సిరీస్‌లో ఆ లోటు తీరింది. ఏఎండీ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16 జీబీ గేమ్స్‌కి మంచి బేరమే. నువ్వు గేమ్స్ మాత్రమే ఆడేవాడివైతే అదే చెప్పేవాణ్ని.

పేరు జాగ్రత్త. 5060 టీఐ అని 8 జీబీది కూడా ఉంది, డబ్బా అచ్చం ఒకేలా ఉంటుంది. బిల్లు మీద 16 జీబీ అని రాయించుకో.

డిస్కుల సంగతి. రెండు కెమెరాలతో ఒక పెళ్లికి నాలుగు వేల రా ఫైళ్లు (కెమెరా నేరుగా రాసే ముడి ఫొటోలు), ఒక్కోటి 30 ఎంబీ వేసుకున్నా 120 జీబీ. 500 జీబీ ఎస్‌ఎస్‌డీలో విండోస్, రెండు గేమ్స్ పోయాక ఒకటి రెండు పెళ్లిళ్లకి మించి చోటు ఉండదు. మాఘమాసంలో నాలుగు పెళ్లిళ్లు వరసగా వస్తే ఏం చేస్తావు? ఒక టీబీ ఎన్‌వీఎంఈ (వేగమైన రకం ఎస్‌ఎస్‌డీ) విండోస్‌కి, సాఫ్ట్‌వేర్‌కి, గేమ్స్‌కి. ఇంకో టీబీ ఎన్‌వీఎంఈ ప్రస్తుతం పని నడుస్తున్న పెళ్లిళ్లకి, లైట్‌రూమ్ క్యాటలాగ్‌కి, ఫొటోషాప్ స్క్రాచ్‌కి (ర్యామ్ నిండాక అది రాసుకునే చోటు). రెండూ ఒకేసారి కొనలేకపోతే మొదటిదే రెండు టీబీ తీసుకో. ఎస్‌ఎస్‌డీ జెన్4 తరానిది చాలు, జెన్5 వేగం లైట్‌రూమ్‌లో నీకు కనపడదు. క్యూఎల్‌సీ రకం వద్దు, టీఎల్‌సీ అడుగు. క్యూఎల్‌సీ వాటిలో పెద్ద కాపీ పెట్టినప్పుడు మొదట్లో పరుగెత్తి, మధ్యలో హార్డ్ డిస్క్ కంటే నెమ్మదించేవి ఉన్నాయి. పూర్తయిన పెళ్లిళ్లు మామూలు హార్డ్ డిస్క్‌లో పడెయ్, ఇంకో కాపీ వేరే డిస్కులో వేరే ఇంట్లో ఉంచు. కస్టమర్ ఆల్బమ్ తీసుకుని బాకీ తీర్చేదాకా కెమెరా మెమరీ కార్డులు ఫార్మాట్ కొట్టకు అంటాను నేను, అందరూ నవ్వుతారు.

ఎవరూ కొటేషన్‌లో రాయని వస్తువు ఒకటుంది: కార్డ్ రీడర్. పాత రీడర్ సెకనుకి 90 ఎంబీ లాగితే 120 జీబీకి 22 నిమిషాలు పడుతుంది. యూహెచ్ఎస్ 2 (వేగమైన రకం) మెమరీ కార్డు, యూహెచ్ఎస్ 2 రీడర్, సరైన యూఎస్‌బీ పోర్టు మూడూ కుదిరి 250 వస్తే 8 నిమిషాలు. ఏడాదికి ఎన్ని పెళ్లిళ్లు తీస్తావో లెక్కేసుకో. ఈ మొత్తం సిస్టమ్‌లో రూపాయికి ఎక్కువ టైమ్ మిగిల్చేది ఈ చిన్న ముక్కే.

ఇక కరెంటు. "650 వాట్స్ ఎస్‌ఎంపీఎస్" అని కంపెనీ పేరు లేకుండా రాశారంటే దాని సంగతి వాళ్లకీ తెలుసన్న మాట. మంచి కంపెనీది 650 వాట్స్ 80 ప్లస్ బ్రాంజ్ లేదా గోల్డ్, ఐదేళ్లు తగ్గకుండా వారంటీ ఉన్నది తీసుకో. 80 ప్లస్ బ్యాడ్జి ఎంత కరెంటు వృథా అవుతుందో మాత్రమే చెబుతుంది, లోపల సరుకు నాణ్యత గురించి చెప్పదు. అందుకే వారంటీ ఏళ్లు చూడమంటున్నాను. పదేళ్లు ఇచ్చేవాడు పదేళ్లు ఆగే సరుకే పెడతాడు.

యూపీఎస్ గురించి నువ్వు అడగలేదు, కానీ ఇంట్లో 600 వీఏది ఉందని రాశావు (ఈ వీఏ యూపీఎస్ సామర్థ్యానికి కొలత, పైన చెప్పిన ప్యానెల్ కాదు). అది సుమారు 360 వాట్లే మోస్తుంది. నీ సిస్టమ్ ఎక్స్‌పోర్టులో ఉన్నప్పుడు ప్రాసెసర్ 88, కార్డు 180, మిగతావి, మానిటర్ కలిపి దాని అంచుకి చేరుతుంది. కరెంటు పోయిన క్షణంలో యూపీఎస్ కుయ్యిమని సిస్టమ్‌తో సహా పడుకుంటుంది. 1000 వీఏ, 600 వాట్స్ తీసుకో. పది నిమిషాలు నిలబడి సేవ్ చేసుకోనిస్తే అదే పదివేలు. ఇంటి ఇన్వర్టర్ మీద నడుపుతానంటే దాన్ని యూపీఎస్ మోడ్‌లో పెట్టు, లేకపోతే మారే ఆ రెప్పపాటులో సిస్టమ్ రీస్టార్ట్ అవుతుంది.

కొత్త సిస్టమ్ పెట్టేముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ చూపించు. ప్లగ్ బోర్డులో పై రంధ్రం ఉంటుంది గానీ దాని వెనక వైరు ఉండని ఇళ్లు మన ఊళ్లలో ఎన్నో. క్యాబినెట్ ముట్టుకుంటే చేయి జిల్లుమంటోందని తెనాలిలో ఒక స్టూడియో నుంచి ఫోన్ వచ్చింది. ఎస్‌ఎంపీఎస్ మార్చారు, బోర్డు మార్చారు, జిల్లు పోలేదు. వెళ్లి చూస్తే ఎర్త్ వైరు గోడలోనే ఆగిపోయి ఉంది. వైరు కలిపాక అంతా సర్దుకుంది. అప్పటికి రెండు ఎక్స్‌టర్నల్ డిస్కులు పోయాయి. అందులో ఒకటి నిండా ఒక పెళ్లి ఉంది.

క్యాబినెట్ ముందు అద్దం వద్దు, జాలీ ఉన్నది తీసుకో. ఖమ్మంలో మే నెల ఎలా ఉంటుందో నీకు నేను చెప్పాలా. గదిలోనే 38 డిగ్రీలు ఉంటే లోపలికి వెళ్లే గాలి అంతకంటే చల్లగా ఉండదు. అద్దం పెట్టి ఆ గాలినీ ఆపితే ఫ్యాన్లు విమానంలా మోగుతాయి, కార్డు వేడెక్కి తనే స్పీడు తగ్గించుకుంటుంది. ముందు రెండు ఫ్యాన్లు లోపలికి, వెనక ఒకటి బయటికి చాలు. జాలీ లోపల దుమ్ము ఫిల్టర్ విప్పి కడిగేలా ఉండాలి. వెనకవైపు వాడని కార్డు స్లాట్ల రేకులు పారేయకు, మూసే ఉంచు. ఎందుకంటే బల్లి. నవ్వకు, వెచ్చగా ఉంటుందని అది లోపల దూరి బోర్డు మీద రెండు పిన్నుల మధ్య పడుకుంటే బల్లీ పోతుంది, బోర్డూ పోతుంది, వారంటీ కూడా రాదు. నా చేతుల మీదుగా అలాంటివి మూడు పోయాయి.

కొనడానికి ఖమ్మంలో అన్నీ దొరక్కపోతే ఒక పనిదినం ఉదయాన్నే సికింద్రాబాద్ బయలుదేరు. స్టేషన్ నుంచి ఆటోలో కాసేపట్లో కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్ చేరతావు, సీటీసీ అంటే ఆటోవాళ్లకి చాలు. మూడు షాపుల్లో ఒకే లిస్టు చూపించి మొత్తం ధర అడుగు, విడివిడిగా కాదు. ఒకడు ప్రాసెసర్ తగ్గించి ఎస్‌ఎంపీఎస్‌లో లాగేస్తాడు. జీఎస్టీ బిల్లు మీద ప్రతి వస్తువు సీరియల్ నంబర్ ఉండాలి, డబ్బా మీది నంబర్‌తో అక్కడే సరిచూసుకో. నీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే ఆ నంబర్ వేయించుకో. పార్టుల మీద 18 శాతం పన్ను ఉంది, వ్యాపారానికి వాడే వస్తువు కాబట్టి ఇన్‌పుట్ క్రెడిట్ (కట్టిన పన్నుని నీ జీఎస్టీ లెక్కలో తగ్గించుకోవడం) గురించి మీ ఆడిటర్‌ని అడుగు. లక్షన్నరలో అది చిన్న మొత్తం కాదు. డల్లాస్‌లో ఉన్న మీ బావగారితో కార్డు తెప్పించుకుంటానన్నావు. అక్కడ కొన్న గ్రాఫిక్స్ కార్డుకి చాలా కంపెనీలు ఇక్కడ వారంటీ ఇవ్వవు. తెప్పించుకోవాలనుంటే క్యాలిబ్రేటర్, కార్డ్ రీడర్ లాంటివి తెప్పించుకో, బ్యాగులో చోటు కూడా తక్కువ పడుతుంది.

నువ్వే బిగించుకుంటానన్నావు, మంచిది. కానీ ఇల్లు అలకగానే పండగ కాదు. ఏఎం5 బోర్డు మొదటిసారి ఆన్ చేస్తే ర్యామ్‌ని పరీక్షించుకుంటూ కొన్ని నిమిషాలు తెర నల్లగానే ఉంచుతుంది. పాడైందనుకుని కంగారుగా ఆఫ్ చేయకు, బయటికి వెళ్లి కాఫీ తాగిరా. లేచాక బయాస్‌లో ఎక్స్‌పో (ర్యామ్‌ని దాని పూర్తి స్పీడులో నడిపే సెట్టింగ్) ఆన్ చెయ్యి, లేదంటే 6000 స్పీడు ర్యామ్ కొని 4800లో వాడుకుంటావు. వాలొరాంట్ ఆడతానన్నావు కాబట్టి సెక్యూర్ బూట్, టీపీఎం అనే భద్రత సెట్టింగ్‌లు కూడా ఆన్‌లో ఉన్నాయో చూడు, విండోస్ 11లో అవి లేకుండా ఆ గేమ్ తెరుచుకోదు. మానిటర్ కేబుల్ బోర్డుకి కాకుండా గ్రాఫిక్స్ కార్డుకి గుచ్చు. తర్వాత విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో హెర్ట్జ్ మార్చు, అది 60లోనే ఉండిపోతుంది. ఏడాదిగా 165 హెర్ట్జ్ మానిటర్‌ని 60లో వాడినవాళ్లు నాకు తెలుసు. లైట్‌రూమ్‌లో కెమెరా రా క్యాష్ (తాత్కాలిక ఫైళ్లకి వదిలే చోటు) 20 జీబీకి పెంచు. పెళ్లి ఇంపోర్ట్ చేసేటప్పుడే 1:1 ప్రివ్యూలు (పూర్తి సైజు నమూనాలు) కట్టమని పెట్టి భోజనానికి వెళ్లు, వచ్చేసరికి ఫొటోలు ఏరడం వెన్నలా సాగుతుంది.

డబ్బు కట్టేముందు రెండు పనులు చెయ్యి. ఇప్పుడున్న ల్యాప్‌టాప్‌లో ఒక పెళ్లి ఎక్స్‌పోర్ట్ పెట్టి టాస్క్ మేనేజర్ తెరిచి ఏది నూటికి తగులుతోందో ఫొటో తీసి ఇక్కడ పెట్టు. ర్యామ్ నిండి డిస్కు ఎర్రబడుతుంటే నా మాట నిజమైనట్టు, ప్రాసెసర్ తగులుతుంటే 7700 పైన ఇంకో మెట్టు ఆలోచిద్దాం. రెండోది, మీ ల్యాబ్‌కి ఫోన్ చేసి వాళ్లు ఏ ప్రొఫైల్‌లో ఫైళ్లు అడుగుతారో కనుక్కో. అది తెలిశాక మానిటర్ మోడల్ నంబర్లు రెండు మూడు పంపు, అందులో ఏదో ఒకటి ఖాయం చేద్దాం.